కొలిచేవారికి ఎదురు చెప్పిన మాట

(పర్లాకిమిడిలో తెలుగు విద్యార్థులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. బరంపురం, గుణుపురం, రాయగడ నుంచి పొద్దున్నే బయల్దేరి వచ్చిన విద్యార్థులకు మరీ మరీ నమస్కారం.

విజ్ఞానశాస్త్ర చరిత్ర గురించీ, అందులోంచి సామాజిక శాస్త్రాలు ఎలా ఎదిగాయన్న దాని గురించీ మాట్లాడమన్నారు. ఈ విషయం మీద ఏ పాఠ్యపుస్తకం తెరిచినా కథ లండన్, పారిస్, బెర్లిన్ మీదుగా పోతుంది. ఆ దారిన నేను కాసేపే నడుస్తాను. మిగతా సమయమంతా ఇక్కడే, గంజాం, కోరాపుట్, శ్రీకాకుళం కొండల చుట్టుపక్కలే ఉంటాను. మనిషిని గురించిన శాస్త్రం ఎక్కడ దారి తప్పిందో, ఎలా దారిలో పడిందో చూడటానికి ఇంతకన్నా మంచి చోటు నాకు కనబడలేదు.

ముందు యూరప్ సంగతి. 1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ అనే బట్టల వర్తకుడు ఊరి చావుల పట్టీలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్క చావూ ఆ ఇంటికి పిడుగుపాటే. కానీ ఏళ్ల తరబడి లెక్కలు కలిపి చూస్తే వాటిలో ఒక క్రమం కనబడింది. 1687లో న్యూటన్ గ్రహాల కదలికలకు నియమాలు చెప్పాక ఆశ ఇంకా పెరిగింది. గ్రహాలకు నియమం ఉన్నప్పుడు జనానికి ఎందుకు ఉండదు అనుకున్నారు. బెల్జియంలో కెట్లే అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు, నక్షత్రాల కొలతల్లో వచ్చే తేడాలను సర్దే గణితాన్నే తీసుకుని మనుషుల ఎత్తుకూ బరువుకూ నేరాలకూ వాడి, 1835లో ‘సగటు మనిషి’ అనే భావన ముందుకు తెచ్చాడు. ఫ్రాన్స్‌లో ఆగస్ట్ కోంత్ ఈ కొత్త చదువును మొదట ‘సామాజిక భౌతికశాస్త్రం’ అన్నాడు. కెట్లే కూడా అదే పేరు వాడాడని తెలిసి, 1830ల చివర్లో సోషియాలజీ అనే పేరు కల్పించాడు. అంటే సమాజాన్ని చదివే శాస్త్రం పుట్టుకలోనే భౌతికశాస్త్రం మీద గురి పెట్టుకుంది.

ఆ గురి తప్పని నేను అనను. అయితే ఒక తేడా ఉంది. నక్షత్రాన్ని కొలిస్తే నక్షత్రం ఊరుకుంటుంది. మన దగ్గరే చూడండి. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో దుర్భిణులు తెప్పించి సొంత వేధశాల కట్టుకున్నారు. ఇటు నయాగఢ్ వైపు ఖండపడాలో సామంత చంద్రశేఖరులు, మనం పఠానీ సామంత అనేవారు, దుర్భిణి లేకుండా వెదురు, కర్రలతో చేసుకున్న సాధనాలతో ఏళ్ల తరబడి ఆకాశాన్ని కొలిచి, చంద్రుడి నడకలో పాత సిద్ధాంతాలకు అందని మూడు తేడాలను తనంతట తాను పట్టుకున్నారు. ఇద్దరి సాధనాలకూ పోలికే లేదు. కానీ ఇద్దరూ ఒకే చంద్రుణ్ణి చూశారు. తనను ఎవరు కొలుస్తున్నారో, ఎందుకు కొలుస్తున్నారో ఆ చంద్రుడికి పట్టదు. మనిషికి పడుతుంది. భయపడతాడు, దాస్తాడు, కోప్పడతాడు, ‘అది కాదు బాబూ, నువ్వు తప్పు రాశావు’ అంటాడు. ఆ ఎదురుమాటను వినే ఏర్పాటు చేసుకున్న చోట సామాజిక శాస్త్రం శాస్త్రమైంది. విననిచోట ఏమైందో 1866 చెబుతుంది.

1865 సెప్టెంబరులో వానలు మొహం చాటేశాయి. కటక్, పూరీ, బాలాసోర్ జిల్లాల్లో వరి చేతికి రాలేదు. మన గంజాం కూడా దెబ్బతింది, కానీ అది అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అసలు ఘోరం బెంగాల్ ప్రభుత్వం కింద ఉన్న ఒడిశా డివిజన్‌లో జరిగింది. ఈ దేశాన్ని పాలించడానికి వచ్చే కంపెనీ దొరలకు ఇంగ్లండ్‌లోని హేలీబరీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పింది, జనాభా సిద్ధాంతంతో పేరుపడ్డ మాల్థస్. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం తలదూర్చకూడదు, ధర పెరిగితే సరుకు దానంతట అదే వస్తుంది అన్నది వాళ్లకు న్యూటన్ సూత్రమంత గట్టి మాట. ఆ కాలేజీ మూతబడినా ఆ నమ్మకం పోలేదు. 1866 మొదట్లో పూరీకి బియ్యం తెప్పించమని కింది నుంచి అడిగితే, ప్రభుత్వం దిగుమతి చేయదు, మార్కెట్ అనుకూలిస్తే బియ్యం తనే దారి వెతుక్కుంటుంది అన్న అర్థంలో కలకత్తా నుంచి టెలిగ్రాం వచ్చింది. వర్తకుల దగ్గర నిల్వలు దాచి ఉన్నాయని కమిషనర్ రావెన్‌షా నమ్మాడు. నిల్వలు లేవు. కొనే శక్తి జనానికి లేదు. రోడ్లు సరిగా లేవు. చివరికి బియ్యం ఓడలు పంపేసరికి నైరుతి వానలు దిగి, సముద్రం రేవుకు చేరనివ్వలేదు. పది లక్షల మంది చనిపోయారు. అంటే ఆ డివిజన్‌లో ప్రతి ముగ్గురిలో ఒకరు.

వాళ్లంతా కరువుకే చనిపోయారని నేను ఒప్పుకోను. పరీక్షకు నిలబెట్టని ఒక సిద్ధాంతానికి కూడా చనిపోయారు. ఏ ప్రయోగశాలలోనైనా సూత్రం చెప్పిందొకటి, జరిగిందొకటి అయితే సూత్రాన్ని ఆపి చూస్తారు. ఇక్కడ జరిగినదాన్ని నమ్మడం మానేశారు. ఊళ్లో పంట ఎంత, గాదెలో గింజ ఎంత, నిన్న ఎవరు పోయారు అని రాసే యంత్రాంగమే ఆ డివిజన్‌లో సరిగా లేదు. తర్వాత విచారణ కమిషన్ వచ్చింది, 1880లో మరో కరువు కమిషన్, దాని వెంట కరువొస్తే ఏం చేయాలో చెప్పే కరువు కోడ్‌లు, పంటల గణాంకాలు. ఇప్పుడు మనం చూసే వ్యవసాయ గణాంకాల వెనక ఆ చావులున్నాయి.

ఈ కరువు నుంచే మరో దారి కూడా తెరుచుకుంది. దాదాభాయి నౌరోజీ బొంబాయిలో గణితం ప్రొఫెసర్‌గా చేసినవారు. భారతదేశంలో మనిషికి ఏడాదికి సగటున ఎంత రాబడి వస్తుందో ఎవరూ లెక్క కట్టని రోజుల్లో, ప్రభుత్వం వేసిన రిపోర్టుల నుంచే పంటల అంకెలు తీసి, 1867–68కి సుమారు 20 రూపాయలని తేల్చారు. అక్కడితో ఆగలేదు. జైల్లో ఖైదీకి తిండికీ బట్టకూ సర్కారు పెట్టే ఖర్చు ఎంతో ఆ సర్కారు లెక్కల్లోనే చూపించి, ఖైదీకి దొరికే పాటి తిండి కూడా ఈ దేశంలో మామూలు మనిషికి అందడం లేదన్నారు. ఇదీ నేను చెప్పదలచిన ఎదురుమాట. పాలకుల కొలతలతోనే పాలకులకు జవాబు చెప్పడం. మన దేశంలో అర్థశాస్త్రం అలా మొదలైంది.

కొలతలు అన్నిసార్లూ ఇంత మంచికి వాడలేదు. 1891లో రిస్లీ అనే అధికారి బెంగాల్ కులాల వాళ్ల ముక్కులు కొలిచి, ముక్కు వెడల్పును బట్టి కులం హెచ్చుతగ్గులు కనబడతాయని చెప్పాడు. 1901 జనగణనకు ఆయనే కమిషనర్. మద్రాసులో థర్‌స్టన్ అనే మరో దొర అదే పని చేశాడు. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. ఇనుప కొలబద్ద పట్టుకుని ఒక మనిషి ముక్కు దగ్గరికి వెళ్లడమంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. ఆ కొండ మనిషికి ఆ సాధనం తెలీదు, ఆ భాష తెలీదు, ఆ పోలీసు జవాను మాత్రం తెలుసు. 1871లో కొన్ని కులాలనూ తెగలనూ పుట్టుకతోనే నేరస్థులన్న చట్టం వచ్చింది, 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు, దేశం మొత్తం మీద రద్దయ్యేసరికి 1952 అయింది. జనాన్ని వర్గాలుగా విడగొట్టి జాబితా రాసే చదువు, ఆ జాబితాను పోలీసు చేతిలో పెట్టింది.

ఇక్కడ మీలో గణితం చదివేవాళ్లు చెవి ఒగ్గి వినండి. ఈ ముక్కు లెక్కలను తిరగేసింది ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు కాదు, ఒక భౌతికశాస్త్ర ప్రొఫెసర్. ప్రశాంతచంద్ర మహలనోబిస్. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ గణాంకశాస్త్రంలోకి వచ్చారు. 1930లలో ఆయన రిస్లీ అచ్చువేసిన కొలతలన్నీ మళ్లీ కూర్చుని సరిచూసి, వాటిలో తప్పులు పట్టి, సవరణ ప్రచురించారు. రెండు సమూహాల మధ్య దూరాన్ని ఒక్క ముక్కుతో కాక అనేక కొలతలను కలిపి ఎలా చూడాలో కొత్త పద్ధతి కనిపెట్టారు. దాన్ని ఇవాళ కంప్యూటర్ సైన్స్ పిల్లలు మహలనోబిస్ దూరం అని చదువుకుంటున్నారు.

ఆయనకు ఒడిశాతో ఇంకా దగ్గరి లంకె ఉంది. 1926లో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగు కొన్ని అడుగులు పైకి లేచింది, అందుకే వరద, కాబట్టి గట్లు ఎత్తు పెంచాలి అని ఇంజినీర్ల కమిటీ తేల్చింది. వినడానికి సబబుగానే ఉంటుంది. గట్టు మీద నిలబడి చూసినవాడికి నీళ్లు పైకొచ్చినట్టే కనబడతాయి కదా. మహలనోబిస్ సుమారు 60 ఏళ్ల వాన లెక్కలు, వరద మట్టాల లెక్కలు తీసి పక్కపక్కన పెట్టారు. నది అడుగు పెరిగి ఉంటే, అంతే వానకు ఈ మధ్య ఏళ్లలో మట్టం ఎక్కువ రావాలి. అలా రావడం లేదు. ఎక్కువ వాన పడింది, ఎక్కువ నీళ్లు వచ్చాయి, అంతే. గట్లు పెంచి లాభం లేదు, పైన నీళ్లు నిలిపే జలాశయాలు కావాలి అన్నారు. మహానది మీద 1957లో ప్రారంభమైన హీరాకుడ్ డ్యాం ఆలోచనకు ఈ అధ్యయనం ఒక మూలం.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే సగం చెప్పినట్టే. హీరాకుడ్ కింద లక్షకు పైగా జనం ఊళ్లు వదిలారు. వాన కొలిచాం, మట్టం కొలిచాం, ఊరు పోయినవాడి బతుకు కొలవలేదు. మన కోరాపుట్‌లో మాచ్‌ఖండ్ దగ్గరా, కోలాబ్ దగ్గరా అంతే. నిర్వాసితుల మీద సమాజశాస్త్రవేత్తల పని పుంజుకునేసరికి చాలా డ్యాములు కట్టేశారు. ఫలానా శాస్త్రం గొప్పదా, ఫలానాది గొప్పదా అని కాలేజీల్లో పోటీలు పెడతారు, అది అనవసరం. వరద లెక్క తప్పైతే జనం మునుగుతారు, జనం లెక్క తప్పినా జనమే మునుగుతారు. రెండు లెక్కలూ ఒకే బల్ల మీదికి రావాలి.

ఇప్పుడు ఈ ఊరికి వద్దాం.

మనిషి చెప్పింది వినడమే సాధనంగా ఉన్న శాస్త్రం భాషాశాస్త్రం. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబం అని 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే దొర ధాతువులు పేర్చి చూపించాడు. ద్రావిడ భాషల వ్యాకరణంతో పేరుపడ్డ కాల్డ్‌వెల్ కన్నా 40 ఏళ్ల ముందు. ఆ ధాతువుల జాబితా పట్టాభిరామశాస్త్రి గారిది. నిఘంటువు చేసిన మామిడి వెంకయ్య గారి పనినీ ఎల్లిస్ వాడుకున్నాడు. అదే కాలంలో సర్వే దొర కాలిన్ మెకంజీకి ఊరూరా కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర కథనాలు, సేకరించిపెట్టింది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. మెకంజీ పోయాక ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య గారు అడిగితే, సహాయకుడిగా పనికొస్తాడు గానీ ఇంత పనికి చాలడు అని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పెద్దలు 1830లలో తోసిపుచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేసిన మనిషిని! ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

శాస్త్రం దొరది, మనవాడు సహాయకుడు అన్న ఈ గీత దాటిన మనిషి గిడుగు రామమూర్తి పంతులు గారు. 1880లో పదిహేడేళ్ల వయసులో ఇక్కడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం మీకు తెలుసు, ఏటా ఆగస్టు 29న చెబుతూనే ఉంటారు. నేను చెప్పేది అంతకు ముందే మొదలైన పని. కొండల నుంచి సంతకు దిగే సవర తెగవాళ్ల మాట విని, సవర భాష తెలిసిన ఒకతన్ని ఇంట్లో పెట్టుకుని, తను శిష్యుడై నేర్చుకున్నారు. కొండలెక్కారు. మలేరియా పట్టింది. దోమ కడుపులో ఆ జబ్బు క్రిమిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టింది 1897లో. దానికి ముందు మందు తెలుసు గానీ కారణం తెలీదు. క్వినైన్ మింగి మింగి పంతులు గారి వినికిడి దెబ్బతింది. వినికిడే పనిముట్టైన మనిషికి! అయినా ఆపలేదు. మొదట తెలుగు లిపిలో సవర వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బళ్లు పెట్టారు. 1931లో సవర భాషా బోధిని, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు వెలువడ్డాయి. మొదలుపెట్టినప్పుడు ముప్పై ఏళ్లు కూడా నిండని మనిషికి నిఘంటువు అచ్చు చూసేసరికి డెబ్బై దాటాయి. ఇందాక ముక్కులు కొలిచిన థర్‌స్టన్ గురించి చెప్పానే, ఆయన సంపుటాల్లో సవరల మీది వ్యాసానికి సమాచారం చాలావరకు పంతులు గారు ఇచ్చిందే. కొలబద్దకు చిక్కని సంగతులన్నీ అక్కడికి అలా చేరాయి.

ఆ భాషలో ఒక్క విషయం దగ్గరగా చూద్దాం. అంకెలు. మనకు పది దగ్గర మెట్టు, పదకొండు అంటే పదీ ఒకటి. సవరకు మెట్టు పన్నెండు దగ్గర. 13 అంటే పన్నెండూ ఒకటి, 19 అంటే పన్నెండూ ఏడు. ఆపైన ఇరవై దగ్గర రెండో మెట్టు. 33 అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. 93 అనాలంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఒకటి. ఎంత ఇంపుగా, ఎంత పక్కాగా కట్టిన లెక్కో చూడండి. సంతలో షావుకారు ‘వీళ్లకు లెక్క రాదు’ అని నవ్వేవాడు. బళ్లో టీచరు కూడా అదే అనేవాడు. లెక్క రానిది ఎవరికి? పది పదులుగా తప్ప లెక్కించలేని మనకు. ఇటువంటిది ఒక్కటి తెలిసినా మొదటి తరగతి లెక్కల పాఠం ఎలా చెప్పాలో మారిపోవాలి. ఇవాళ్టికీ గుమ్మ, సెరంగో వైపు బళ్లకు వెళ్లే టీచర్లు ఇక్కడ ఉంటే నేను చెప్పేది తప్పకుండా వాడండి.

పంతులు గారికి సవర నేర్పిన ఆ గురువు మాత్రం మన సభల్లో వినబడడు. లక్ష్మయ్య గారికి జరిగిందే మన చేతుల మీదుగా ఇంకొకరికి జరగకూడదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. దానికి ముందు ఒడొన్నెల్ కమిటీ హద్దులు చూసింది. తెలుగు వాళ్లెందరు, ఒడియా వాళ్లెందరు అన్న లెక్కల మీద, 1931 జనగణన మీద, రెండు వైపులా పెద్ద వాదులాట. జనగణన ఫారంలో మాతృభాష ఒక్కటే రాయాలి. మన ఇళ్ల సంగతి మీకు తెలుసు. బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఇక్కడ అమ్మ వైపు ఒకటి, నాన్న వైపు ఒకటి. రెండు భాషల్లో కలలు కనే మనిషిని ఒక గడిలో కూర్చోబెట్టి, ఆ గడుల మొత్తంతో గీత గీశారు. పర్లాకిమిడి పట్టణం ఇటు వచ్చింది, జమీందారీలో పెద్ద భాగం అటు మద్రాసులో ఉండిపోయింది. తెలుగు పక్షాన గట్టిగా వాదించిన గిడుగు వారు అర్ధశతాబ్దం పైగా బతికిన ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ వాదమంతా మన రెండు భాషల మధ్యే నడిచింది. వెనక కొండల మీద ఉన్నవాళ్లు సవరలు, కోందులు. వాళ్ల భాష గీతకు అటూ ఇటూ చీలింది.

సరిగ్గా ఆ 1936లోనే మంగేయి గొమాంగో సవర భాషకు సొంత లిపి చేశారు. సొరాంగ్ సొంపెంగ్. 24 అక్షరాలు, ఒక్కొక్కటి ఒక దేవత పేరు మీద. తెలుగు లిపీ కాదు, ఒడియా లిపీ కాదు, దొరల రోమన్ లిపీ కాదు. వాళ్లను అందరూ రాసుకున్నాక వాళ్లు తమను తాము రాసుకోవడం అది. సామాజిక శాస్త్రాల చరిత్ర రాసేవాళ్లు 1936 దగ్గర ఈ సంగతిని తప్పక రాయాలి అంటాను నేను.

ఇక మన పని. 2027 జనగణన రాబోతోంది. 1931 తర్వాత జనగణనలో మళ్లీ దేశమంతటా కులం లెక్క కూడా ఉంటుందని కేంద్రం ప్రకటించింది. మన జనగణనలో మాతృభాషతో పాటు తెలిసిన మరో రెండు భాషలు అడుగుతూ వస్తున్నారు. చాలా ఇళ్లలో ఆ రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోరు, వచ్చినాయన కూడా దాటేస్తాడు. దాన్ని దాటనివ్వకండి. తెలుగు రాయించండి, ఒడియా రాయించండి, కోందుల భాష కువి వస్తే కువి రాయించండి. ఎవరికీ భయపడి ఏదీ దాచొద్దు.

అది ప్రభుత్వం చేసే లెక్క. మీరు చేయగలిగింది వేరే ఉంది. ఒక్కొక్కరూ మీ వీధిలో కొన్ని ఇళ్లు ఎంచుకోండి. ‘మీ భాష ఏది’ అని అడగొద్దు, దానికి అందరూ అలవాటైన జవాబే చెబుతారు. మామ్మతో ఏ భాషలో మాట్లాడతారు, పిల్లల్ని ఏ భాషలో తిడతారు, సంతలో బేరం ఏ భాషలో ఆడతారు, ఫోన్‌లో మెసేజ్ ఏ లిపిలో కొడతారు అని అడగండి. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేని పిల్లలు మన దగ్గర ఎందరో ఉన్నారు, ఏ వయసు దగ్గర అది మొదలైందో ఈ ప్రశ్నల్లో బయటపడుతుంది. చెప్పింది చెప్పినట్టు రాయండి, సరిదిద్దొద్దు. రాసినదాన్ని తిరిగి ఆ ఇంటికే తీసుకెళ్లి చదివి వినిపించండి. వాళ్లు ‘అది కాదమ్మా’ అన్నచోట కొట్టేసి, వాళ్లు చెప్పింది పక్కన రాయండి, కొట్టేసినదాన్ని కూడా చెరపకుండా ఉంచండి. సవర, కోందు ఇళ్లకు వెళ్లేవాళ్లు ఆ భాష వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి, నోట్‌బుక్ అట్ట మీద మీ పేరు పక్కన వాళ్ల పేరు కూడా రాయండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.